ఇంతసేపూ మీరొక్కరేనా?

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరెవరున్నారంటే, కిటికీ పక్కన కుట్టుమిషన్ ముందు అమ్మ. మంచం మీద, వినబడే చెవిని జనం వైపు తిప్పుకుని తాతయ్య. తలుపు దగ్గర కుర్చీలో, ఎప్పుడు లేచి వెళ్ళిపోదామా అన్నట్టు అంచు మీద కూర్చున్న మావయ్య. నేల మీద చాప వేసుకుని అక్క, అక్కతో పాటు ఆమె ఆఫీసు వాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకావిడ యూనియన్ సెక్రటరీ. నోరు విప్పితే వీధి చివరి దాకా వినబడుతుంది కాబట్టి ఆవిడని అందరూ సైరన్ అంటారు. ఆవిడకీ ఆ పేరంటే ఇష్టమే. రెండో అతను బక్కపల్చటి కుర్రాడు, ఈమధ్యే తండ్రయ్యాడు. ఫోన్లో మాటకి ముందొకసారి, తర్వాత ఒకసారి "ఒక్క నిమిషం హోల్డ్ చేయండి" అనడం అలవాటై, ఇంట్లో పెళ్ళాంతో కూడా అదే అంటాడట. అందుకని అతను హోల్డు. ఇక వంటింటి గుమ్మంలో సగం లోపల, సగం బయట, టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని పిల్లి.

పిల్లి అంటే అక్క చెల్లెలు. పదో తరగతి. నడిస్తే చప్పుడు ఉండదు, మాట్లాడితే అసలే ఉండదు. బళ్ళో హాజరు పిలిచినప్పుడు ఆమె పలికిన పలుకు టీచరుకి వినబడక, ముందు బెంచీలో కూర్చుని ఉండగానే ఎన్నోసార్లు గైర్హాజరు పడింది. లేచి "నేనున్నానండీ" అని చెప్పడం కంటే గైర్హాజరే నయమనుకునే పిల్ల అది.

"ఇటు తేవే పిల్లీ, టీ చల్లారిపోయాక ఇస్తావా ఏంటి?" అంది అక్క.

పిల్లి గ్లాసులు అందించి మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

అక్కా వాళ్ళూ పనిచేసేది పార్సిళ్ళు చేరవేసే కంపెనీలో, ఫిర్యాదుల డెస్కులో. పార్సిల్ రాలేదనో, వచ్చింది పగిలిపోయిందనో, ఒకరిది ఇంకొకరికి పోయిందనో జనం ఫోన్ చేసి తిడతారు. ఆ తిట్లు తిని వాళ్ళని చల్లబరచడమే వీళ్ళ ఉద్యోగం. నెల కిందట కంపెనీ ఒక కబురు చెప్పింది. ఇకమీదట ఫోన్లు యంత్రమే ఎత్తుతుంది, యంత్రమే మాట్లాడుతుంది, డెస్కు మూసేస్తాం అని. రేపు పొద్దున్న డెస్కులో ఉన్నవాళ్ళంతా ఫోన్లు కింద పెట్టి గేటు బయట కూర్చోబోతున్నారు. వీళ్ళు లేకపోతే కంపెనీకి గడవదని తేలితే ఉద్యోగాలు నిలుస్తాయి. గడిచిపోతుందని తేలితే పోతాయి. ఎన్ని ఉపన్యాసాలు చెప్పుకున్నా విషయం అంతే. గేటు దగ్గర మొట్టమొదట మాట్లాడవలసింది అక్క.

"మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట," అన్నాడు మావయ్య. ఆయన అలా మొదలుపెడితే అందరూ ఏదో ఒకటి అనుకునే మాటే వస్తుంది. ఆయన కూడా కంప్యూటర్ల కంపెనీలోనే చేస్తాడు, పైన ఎక్కడో, గాజు గదిలో. "ఇదివరకు లిఫ్టులో ఒక మనిషి స్టూలేసుకుని కూర్చుని బటన్ నొక్కేవాడు. ఇప్పుడేడీ? అందరూ ఎవరి బటన్ వాళ్ళే నొక్కుకుంటున్నారు. దానికి ఎవరైనా ఏడ్చారా?"

"వాడు ఏడ్చాడు," అన్నాడు తాతయ్య మంచం మీంచి.

హోల్డు ఫక్కున నవ్వి, మావయ్య మొహం చూసి టీ గ్లాసులో తల దూర్చాడు.

"అది కాదు బాబాయ్‌గారూ. ఖర్చు తగ్గితే కంపెనీ పెరుగుతుంది. పెరిగితే కొత్త పనులు పుడతాయి. అడ్డం పడితే కంపెనీ ఇంకో ఊరు పోతుంది, ఉన్నవీ పోతాయి. యూనియన్లు చేసేది ఇదే. మునిగే పడవలో ఇంకాస్త నీళ్ళు పోయడం."

సైరన్ గ్లాసు కింద పెట్టింది. అమ్మ ముందుజాగ్రత్తగా లేచి కిటికీ రెక్క దగ్గరికి వేసింది.

"తమ్ముడూ, పని తగ్గిందా? చెప్పు. పోయిన సంవత్సరం కంటే పార్సిళ్ళు ఎక్కువయ్యాయి, తిట్లు ఎక్కువయ్యాయి. తగ్గింది పని కాదు, పనివాళ్ళు. ఆ తగ్గిన జీతాలన్నీ ఎటు పోతున్నాయి? పార్సిల్ చవకైందా? ఆ మోసుకొచ్చే కుర్రాడికి చెప్పులు కొనిచ్చారా? కొత్త పనులు పుడతాయంటావు. పుట్టేవరకు మేం ఏం చేయాలి, ఉయ్యాల ఊపుతూ కూర్చోవాలా?"

"మా రోజుల్లో," అన్నాడు తాతయ్య, "మేం చేతులు కట్టుకుంటే మిల్లులో మగ్గాలు ఆగిపోయేవి. ఆ నిశ్శబ్దానికి ఓనరు భయపడేవాడు. మీ సంగతి చూస్తుంటే మీరు ఆపితే మిషన్లు మొదలయ్యేలా ఉన్నాయమ్మా."

మగ్గాల మోతకి పోయిన చెవిని ఆయన అలవాటుగా తడుముకున్నాడు. 

"అక్కడే ఉంది తాతగారూ కిటుకు," అంది సైరన్. "ఆర్డరు తీసుకోవడం మిషన్‌కి వచ్చు. నంబరు చదవడం వచ్చు. మండిపోతున్న మనిషిని చల్లార్చడం రాదు. దానికి ఇదిగో, దీనిలాంటిది కావాలి," అని అక్క వీపు మీద చరిచింది. "మీ మనవరాలి మాట మా డెస్కంతా నేర్చుకుంది తెలుసా?"

అందరికీ తెలుసు. అక్క ఉద్యోగంలో చేరిన కొత్తలో కంపెనీ ఇచ్చిన మాటలే చెప్పేది. 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము' అని. అవతలివాళ్ళు ఇంకా మండిపోయేవారు. ఒకరోజు ఎవరో ముసలావిడ మందుల పార్సిల్ రాలేదని అరిచి అరిచి ఏడుస్తుంటే, అక్క రెండు ఊపిర్లు తీసుకునేంతసేపు ఊరుకుని, "అయ్యో... ఇంతసేపూ మీరొక్కరే అవస్థపడ్డారా?" అంది. ముసలావిడ నిశ్శబ్దమైపోయింది. రాసిచ్చిన మాట కాక వేరే మాట అన్నందుకు కంపెనీ ముందు అక్కకి చీవాట్లు పెట్టింది. తర్వాత ఆ డెస్కులో తిట్లు త్వరగా చల్లారుతున్నాయని గమనించి ఊరుకుంది.

ఆ మాట నిజానికి అమ్మది. చిన్నప్పుడు పిల్లలు ఎక్కడో పడి, మోకాళ్ళు చెక్కుకుని, ఏడుపు మింగుకుంటూ ఇంటికొస్తే అమ్మ మందూ మాకూ అనకముందు అనే మాట. "అయ్యో, ఇంతసేపూ నువ్వొక్కదానివే అవస్థపడ్డావా?" అంతే, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు బయటికొచ్చేది, నొప్పి సగం పోయేది.

సైరన్ ఇలా అక్కని పొగుడుతూ ఉంటే, గుమ్మంలో పిల్లి సగం అడుగు వెనక్కి వేసింది.

పోయిన వేసవి సెలవుల్లో మావయ్య ఒక పని తెచ్చిపెట్టాడు. ఫోన్లో వాక్యాలు కనబడతాయి, చదివి రికార్డు చేయాలి. వాక్యానికింత అని ఇస్తారు. ఏ గడప ఎక్కక్కర్లేదు, ఎవరి మొహం చూడక్కర్లేదు. పిల్లికి అది దేవుడిచ్చిన పనిలా అనిపించింది. అక్క ఇంటి నుంచి పనిచేసిన రోజుల్లో వీధి చప్పుడు రాకుండా వెనక గదిలో కిటికీకి దుప్పటి కట్టింది. ఆ దుప్పటి కిందే కూర్చుని పిల్లి చదివింది. మొదట్లో 'కుడివైపు తిరగండి', 'మీ బిల్లు సిద్ధంగా ఉంది' లాంటివి. ఇంట్లో అందరికీ తెలుసు. "చిన్నపిల్లల పాఠాలేమో చదువుతోందట, గోడలకైనా దీని గొంతు వినబడుతుందో లేదో," అని అక్క నవ్వింది కూడా. ఏం చదువుతున్నావని ఎవరూ అడగలేదు. అడగనివాళ్ళకి చెప్పే అలవాటు పిల్లికి లేదు.

తర్వాత వాక్యాలు ఆగిపోయి సందర్భాలు రావడం మొదలుపెట్టాయి. 'ఒక మనిషి చాలా కోపంగా ఉన్నారు. మీ సొంత మనిషిని ఓదార్చినట్టు జవాబు చెప్పండి.' పరాయివాళ్ళతో ఎలా మాట్లాడాలో పిల్లికి తెలియదు. తెలిసిందల్లా గోడ ఇవతల పడుకుని, అక్క రోజుల తరబడి మాట్లాడుతుంటే విన్నది. కళ్ళు మూసుకుని అక్కలా ఊపిరి తీసుకుంది. అక్కలా ఆగింది. అక్కలా అంది. ఫోన్లో నక్షత్రాలు వెలిగాయి. 'చాలా సహజంగా ఉంది. ఇలాంటివే మరిన్ని చెప్పండి.' పుట్టి బుద్ధెరిగాక ఆమె మాటని బాగుంది అన్నది ఆ ఫోన్ ఒక్కటే. ఇంకా చెప్పింది. అక్క నవ్వు, అక్క నిట్టూర్పు, అక్క 'ఆఁ, చెప్పండి' అన్నీ ఒక్కొక్కటే చెప్పింది. అదెందుకో, ఎక్కడికి పోతుందో అన్న అనుమానం ఒకటి రెండుసార్లు రాకపోలేదు. వచ్చిన ప్రతిసారీ నక్షత్రాల వంక చూసుకుంది.

"అన్నట్టు," అన్నాడు హోల్డు, "ఆ మిషన్‌ని ఇవాళ్టి నుంచే సగం ఫోన్లకి పెట్టారట. చేసి చూద్దామా? ఎంత దరిద్రంగా మాట్లాడుతుందో చూస్తే రేపు గేటు దగ్గర చెప్పుకుని నవ్వుకోవచ్చు."

"చెయ్యి చెయ్యి," అంది సైరన్. "బాగా తిట్టు. ఇన్నాళ్ళు తిన్నవన్నీ తిరిగి ఇచ్చెయ్యి."

హోల్డు ఫోన్ చాప మధ్యలో పెట్టి స్పీకరు నొక్కాడు. అక్క ముందుకు జరిగింది. మావయ్య టైము చూసుకున్నాడు. లోపలికి వెళ్ళిపోదామనుకుంది పిల్లి. గుమ్మంలోనే ఉండిపోయింది.

అవతల క్లిక్కుమంది. హోల్డు గొంతు సవరించుకుని విరుచుకుపడ్డాడు. "ఏమయ్యా, మీది కంపెనీయా, సత్రమా? ఎక్కడ నా పార్సిల్? వారం రోజుల్నుంచి ఎదురుచూస్తున్నా! మీ మూలంగా మా ఆవిడ పుట్టింటికి పోయింది! మా అత్తగారు ఇక్కడికొచ్చింది! ఎవరిస్తారయ్యా నాకు నష్టపరిహారం?"

సైరన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. అమ్మ కూడా నవ్వింది.

ఫోన్ జవాబు చెప్పలేదు. రెండు ఊపిర్లు తీసుకునేంతసేపు ఊరుకుంది. అక్క మొహంలో నవ్వు ఆ రెండు ఊపిర్లలోనే పోయింది.

"అయ్యో..." అంది ఫోన్, మెత్తగా, లేతగా. "ఇంతసేపూ మీరొక్కరే అవస్థపడ్డారా?"

కుట్టుమిషన్ ఆగిపోయింది.

"ఆఁ, చెప్పండి. నేను వింటున్నాను. పార్సిల్ నంబరు తర్వాత చూద్దాం. ముందు మీరు కాస్త కుదుటపడండి," అంది ఫోన్.

 తిట్టడానికి హోల్డు దగ్గర ఇంకేమీ మిగల్లేదు. తెలియకుండానే చల్లారిపోయాడు, డెస్కుకి ఫోన్ చేసే అందరిలాగే.

"అది నాది," అంది అక్క. "నా మాట. నేను ఆగే ఆగడం. ఆఁ, చెప్పండి కూడా నాదే. నా ఫోన్లన్నీ రికార్డు చేస్తారు కదా, దాన్లోంచి తీసి దీనికి పోశారు!"

సైరన్ చాప మీద నుంచి లేచి నిలబడింది. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. "దొంగలు! మనకి తెలియకుండా మన నోట్లోంచి మాట దొంగిలించారు! ఇంతకంటే ఏం కావాలే? రేపు గేటు దగ్గర నువ్వు మైకులో చెప్పు. ఈ ఫోన్ మైకు దగ్గర పెట్టి అందరికీ వినిపించు. పేపర్ల వాళ్ళని పిలుస్తా. కోర్టుకి ఈడుస్తాం. సమ్మె సగం గెలిచేశాం!"

"చెప్తాను," అంది అక్క. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. నెల రోజులుగా ఆ మొహంలో అంత వెలుగు పిల్లి చూడలేదు. "కంపెనీ వాళ్ళ మొహం మీదే చెప్తాను. ఇది దొంగ సొత్తు అని."

పిల్లి ఊరుకోవచ్చు. జన్మంతా చేసింది అదే. కానీ రేపు అంతమంది ముందు అక్క మైకు పట్టుకుని దొంగతనం అంటుంది. కంపెనీ తాపీగా ఒక కాగితం తీసి చూపిస్తుంది. దొంగతనం కాదు, మీ ఇంట్లోనే కొన్నాం, మీ చెల్లెలే అమ్మింది అంటుంది. అప్పుడు అక్క మొహం ఎక్కడ పెట్టుకుంటుంది?

"దొంగతనం కాదక్కా," అంది పిల్లి. "నేనే చెప్పాను."

హోల్డు గభాలున ఫోన్ వంక చూశాడు, అదే మాట్లాడిందనుకుని.

"మీ మాట నాకు సరిగ్గా అర్థం కాలేదు," అంది ఫోన్. "ఇంకొక్కసారి చెప్తారా?"

రెండూ ఒకటే గొంతు. ఒకటి చాప మీద నుంచి, ఒకటి గుమ్మంలోంచి. తాతయ్య వినబడే చెవి మీద చెయ్యి వేసుకుని ఇటూ అటూ చూస్తున్నాడు. ఆ ఇంట్లో ఎవరూ పిల్లి గొంతు అంత నిండుగా ఎప్పుడూ వినలేదు. వినుంటే, ఫోన్ మొదటి 'అయ్యో' అన్నప్పుడే పోల్చుకునేవారు.

సైరన్ వంగి ఫోన్ ఆపేసింది.

"ఎప్పుడే?" అంది అక్క.

"వేసవి సెలవుల్లో. వెనక గదిలో. కోపంగా ఉన్నవాళ్ళని ఓదార్చమన్నారు. నాకు... నీలాగే వచ్చు. ఇంకోలా రాదు."

"సంతకం ఏమైనా పెట్టావా అమ్మా?" అని అడిగింది సైరన్. ఆవిడ గొంతు అంత చిన్నది కాగలదని ఎవరికీ తెలియదు.

"మొదట్లో ఫోన్లో టిక్కు పెట్టమంది. మావయ్య పెట్టెయ్యమన్నాడు."

అందరూ మావయ్య వైపు తిరిగారు. మావయ్య ఇంకా అంచుకి జరిగాడు.

"అందరూ పెడతారు. అదంతా చదివి పెట్టేవాడెవడు? దానికి నాలుగు రాళ్ళు వస్తాయని చూశాను గానీ, నాకేం తెలుసు ఎక్కడ వాడతారో? మేం వాక్యాలు పోగుచేసి అమ్ముతాం. కొన్నవాడు ఇంకొకడికి అమ్ముతాడు. వాడు మీ కంపెనీకి అమ్మాడు కాబోలు. ఎవరి ముక్క వాళ్ళు చేస్తాం. మొత్తం ఎవరికీ కనబడదు. మార్కెట్ అంటేనే అది. నేను కాకపోతే ఇంకొకడు, ఇది కాకపోతే ఇంకో పిల్ల."

"మేం నేసిన గుడ్డ ఎవడు కట్టుకున్నాడో మాకూ తెలీదు నాయనా," అన్నాడు తాతయ్య. "కానీ అది మా ఇంటి పిల్ల మెడకే బిగుస్తుందని ఎవరూ అనుకోలేదు. అప్పట్లో ఓనరు మా చేతులు ఒక్కటే తీసుకునేవాడు. ఇంటికొచ్చాక అమ్మ మాట అమ్మదే."

అమ్మ మిషన్ సూది కింద ఇరుక్కున్న గుడ్డని లాగింది, దారం తెగింది.

సైరన్ మళ్ళీ చాప మీద కూర్చుంది. చాలాసేపు మోకాళ్ళ మీద చేతులు ఆడించింది.

"పిల్లది. దాన్ని ఏమంటాం," అంది చివరికి. "రేపు గేటు దగ్గరికి పోవడం పోవడమే. అది ఆగదు. కానీ నువ్వు మాట్లాడొద్దమ్మా. మైకు దగ్గరికి రావద్దు. వీలైతే... ఒకటి రెండు రోజులు అసలు రాకు. ఇవాళ కాకపోతే రేపైనా ఈ సంగతి తెలుస్తుంది. జనం ఉద్యోగం పోయే మంటలో ఉంటారు. వాళ్ళకి కంపెనీ కనబడదు, నువ్వు కనబడతావు."

"డెస్కులో అందరికీ ఆ మాట నేర్పింది నేను," అంది అక్క.

"తెలుసు. అందుకే చెప్తున్నా."

హోల్డు ఫోన్ జేబులో వేసుకుని లేచాడు. ఎవరి కళ్ళలోకీ చూడలేదు. "అది అంత బాగా మాట్లాడుతుంటే మనం గేటు బయట ఎన్నాళ్ళు కూర్చుంటాం అక్కా? నా మీదే పని చేసింది అది. నాకు తెలుసు అది మిషనని, అయినా పనిచేసింది. నాకు చంటిపిల్ల ఉంది. నేను... ఒకసారి ఇంట్లో అడిగి చెప్తా."

"మమ్మల్ని కూడా హోల్డులో పెట్టావేంట్రా," అంది సైరన్. ఎవరూ నవ్వలేదు. ఆవిడ కూడా నవ్వించడానికి అనలేదు.

వాళ్ళిద్దరూ వెళ్ళారు. వాళ్ళ వెనకే, ఏదో పని గుర్తొచ్చినట్టు మావయ్య వెళ్ళాడు. అక్క చాప చుట్టింది, గోడకి ఆనించింది, అది జారి పడితే మళ్ళీ ఆనించింది. టీ గ్లాసులు వంటింట్లోకి పట్టుకెళ్ళింది. పిల్లి గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది. ఆమె గాలి కూడా తగలకుండా అక్క నడిచింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండుననిపించింది పిల్లికి. అక్క తిట్లు పిల్లికి అలవాటు, తిట్టాక జడ వేసేది.

అక్క వెనక గదిలోకి వెళ్ళింది. కిటికీకి కట్టిన దుప్పటి ముడులు విప్పసాగింది. ఒకటి రాలేదు. పళ్ళతో లాగింది. దుప్పటి జారి కింద పడగానే వీధి చప్పుడంతా ఒక్కసారి గదిలోకి వచ్చింది. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, ఒక బండి హారన్ కొడుతోంది. అక్క ఆ దుప్పటి మీదే కూలబడి, మొహం మోకాళ్ళలో పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు. చప్పుడు లేకుండా ఏడవడం ఆ ఇంట్లో తనకి మాత్రమే వచ్చనుకునేది పిల్లి ఇన్నాళ్ళూ.

పిల్లి గది గుమ్మం దాకా వచ్చింది. ఏదో అనాలి. ఏమనాలి? క్షమించమనాలి. తెలియక చేశాననాలి. కానీ సగం తెలిసే చేసింది. అలా కాదనుకుని ఇంకో మాట వెతికింది. ఇంకో మాట దొరకలేదు. ఒక మనిషి ఏడుస్తుంటే అనడానికి ఆమెకి ఎవరైనా నేర్పిన మాట ఒక్కటే ఉంది. అది అమ్మది, అక్కది. మోకాళ్ళు చెక్కుకుపోయిన రోజుల నుంచీ ఉన్నది.

"అయ్యో..." అంది పిల్లి. "అక్కా, ఇంతసేపూ నువ్వొక్కదానివే..."

అక్క తల ఎత్తింది. ఆ గొంతు వైపు చూసింది, చాప మీద ఫోన్ వంక చూసినట్టే.

లేచి వచ్చి, పిల్లి మొహం మీద తలుపు వేసింది.